అమ్మమ్మ సంఘం, పార్లమెంటు సంఘం

పోయిన సెమిస్టర్ మిడ్స్ ముందు రోజు రాత్రి, తెలియని నంబరు నుంచి నా వాట్సాప్‌కి ఒక ఫోటో వచ్చింది. మా రూమ్మేట్ ఫోటో. కింద "వీడు దొంగ, డబ్బు ఎగ్గొట్టి తిరుగుతున్నాడు" అని రాసి ఉంది. ఎవడో మీమ్ చేశాడనుకున్నాను. నవ్వేసి, క్లాస్ గ్రూపులో పెట్టేశాను. పది నిమిషాల తర్వాత తెలిసింది, అదే ఫోటో మా బ్యాచ్‌లో ఇంకో పదిమందికి వచ్చిందని. తెల్లారాక తెలిసింది, వాళ్ళ పిన్నికీ, ఊళ్ళో కిరాణా కొట్టు ఆయనకీ కూడా వెళ్ళిందని. గ్రూపులోంచి తీసేశాను గానీ, అప్పటికే అందరూ చూసేశారు.

జరిగిందేంటంటే, ఫోను రిపేరు కోసం మావాడు ఒక లోన్ యాప్‌లో ఐదు వేలు తీసుకున్నాడు. "ప్రాసెసింగ్ ఫీజు" పేరుతో కోసుకోగా చేతికొచ్చింది మూడు వేల చిల్లర. వారం తిరిగేసరికి ఐదు వేలూ కట్టమన్నారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాప్ కాంటాక్ట్స్ పర్మిషన్ అడిగితే "అలౌ" నొక్కాడు. సీఎస్‌ఈ చదువుతూ ఆ పని ఎలా చేశావురా అని అడగబోయి ఆగాను. నా ఫోనులో ఎన్ని యాప్‌లకి ఆ పర్మిషన్ ఉందో నాకే తెలీదు.

వాడి పర్మిషన్ తీసుకునే ఇది రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. ఆ రాత్రి వాడు అడిగిన ప్రశ్న ఒకటి ఉంది: "వీళ్ళని అడిగేవాళ్ళే లేరా?"

ఆర్‌బీఐ ఉంది కదా అన్నాను. "మరి ఆర్‌బీఐని ఎవరు అడుగుతారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సెమ్ సెలవుల్లో వెతికితే దొరికింది. ఇంగ్లిష్‌లో దాని పేరు స్టాండింగ్ కమిటీ ఆన్ ఫైనాన్స్. మన క్లబ్ వాళ్ళు అన్నీ తెలుగులోనే రాయాలంటారు కాబట్టి పేపర్లలో ఏమంటున్నారో చూశాను. "ఆర్థిక శాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘం". ఒకటో క్లాసు నుంచి ఇంగ్లిష్ మీడియం నాది. "స్థాయీ" అనే మాట పలకడానికే రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. మచిలీపట్నం దగ్గర ఊళ్ళో ఉండే మా అమ్మమ్మకి ఫోన్ చేసి, దీని గురించి రాస్తున్నానని చెప్పాను.

"ఏ సంఘం రా? మా డ్వాక్రా సంఘం లాంటిదేనా?" అంది.

నవ్వొచ్చింది. కానీ ఆర్టికల్ సగం రాశాక చూస్తే, అమ్మమ్మ అడిగింది మరీ తప్పు ప్రశ్నేం కాదనిపించింది.

ఎవరి పైన ఎవరు

మన డబ్బు వ్యవహారాల మీద ముగ్గురు పెద్ద కాపలాదార్లు ఉన్నారు. బ్యాంకులు, అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీల మీద ఆర్‌బీఐ. షేర్ మార్కెట్ మీద సెబీ. ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఐఆర్‌డీఏఐ. ఈ మూడోదాని హెడ్డాఫీసు మన హైదరాబాద్‌లోనే, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. ఇంటర్న్‌షిప్‌కి అటు వెళ్ళే సీనియర్లు రోజూ దాని ముందు నుంచే వెళ్తుంటారు.

ఈ మూడింటికీ అధికారాలు ఇచ్చింది పార్లమెంటు చేసిన చట్టాలే. అంటే ఆ అధికారాన్ని ఎలా వాడుతున్నారో అడిగే హక్కు కూడా పార్లమెంటుకి ఉంది. అయితే లోక్‌సభలో 543 సీట్లు, ఒక ప్రశ్నకి దొరికేది కొన్ని నిమిషాలు. పైగా సభలో మంత్రి జవాబిస్తారు గానీ, ఆర్‌బీఐ గవర్నర్ వచ్చి నిలబడరు. ఒక బ్యాంకు చట్టంలో 43వ క్లాజులో ఉన్న ఒక మాట గురించి రెండు గంటలు కూర్చుని అడగాలంటే సభలో కుదరదు. అందుకే చిన్న గుంపు కావాలి. ఆ చిన్న గుంపే ఈ కమిటీ.

మన దగ్గర ఇలాంటి శాఖలవారీ కమిటీలు 1993లో మొదలయ్యాయి. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న కాలం. మొదట 17, తర్వాత 2004లో 24 అయ్యాయి. ఈ 1993కి ముందు సంవత్సరం మీకు బాగా తెలుసు. సిరీస్ చూసిన ప్రతివాడికీ తెలుసు: 1992, హర్షద్ మెహతా. అప్పట్లో ఆ కుంభకోణం మీద విచారణకి రామ్ నివాస్ మిర్ధా అధ్యక్షతన ఒక సంయుక్త పార్లమెంటరీ కమిటీ, అంటే జేపీసీ వేశారు. జేపీసీ మంటలు ఆర్పే ఫైరింజన్ లాంటిది: ఒక పని కోసం వస్తుంది, రిపోర్టు ఇచ్చి వెళ్ళిపోతుంది. స్థాయీ సంఘం అలా కాదు. అది ఎప్పుడూ ఉంటుంది, సభ్యులు మారుతుంటారు. "స్థాయీ" అంటే అదే అని నాకు అప్పుడు అర్థమైంది.

31 మంది

ఈ ఫైనాన్స్ కమిటీలో 31 మంది ఉంటారు. లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. అన్ని పార్టీల వాళ్ళూ ఉంటారు. మంత్రులు మాత్రం ఉండకూడదు. ఇది చాలా ముఖ్యమైన రూలు. పేపర్ రాసినవాడే పేపర్ దిద్దకూడదు కదా. కమిటీ గడువు ఒక్క సంవత్సరం, తర్వాత మళ్ళీ కొత్తగా వేస్తారు. 2019 నుంచి 2024 వరకు జయంత్ సిన్హా, ఆ తర్వాత భర్తృహరి మహతాబ్ అధ్యక్షులయ్యారు.

కమిటీ ముఖ్యంగా చేసే పనులు మూడు. ఒకటి, బడ్జెట్ పెట్టాక ఆర్థిక శాఖ "మాకు ఇంత కావాలి" అని అడిగే పద్దుల్ని పరిశీలించడం. రెండు, స్పీకర్ గానీ రాజ్యసభ ఛైర్మన్ గానీ పంపించిన బిల్లుని క్లాజు క్లాజుగా చదవడం. మూడు, తనంతట తానే ఒక విషయం ఎంచుకుని లోతుగా చూడటం. రోజువారీ పాలనలో మాత్రం వేలు పెట్టకూడదు. ఫలానా బ్రాంచి మేనేజర్ నాకు లోన్ ఇవ్వలేదని కమిటీకి రాస్తే లాభం లేదు.

వీళ్ళు పిలిస్తే అధికారులు రావాలి, కాగితాలు తేవాలి. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. 2017 జనవరి 18న అప్పటి ఆర్‌బీఐ గవర్నర్ ఉర్జిత్ పటేల్ ఈ కమిటీ ముందుకి వచ్చి కూర్చున్నారు. కమిటీకి వీరప్ప మొయిలీ అధ్యక్షులు. సభ్యుల్లో ఒకరు మన్మోహన్ సింగ్. ఒకప్పుడు ఆయనే ఆర్‌బీఐ గవర్నర్, ఆర్థిక మంత్రి, ప్రధాని. ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వచ్చినప్పుడు, దానికి జవాబు చెప్పాల్సిన పని లేదని ఆయనే పటేల్‌తో అన్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ కుర్చీ బరువు తెలిసినవాడు కాబట్టి అన్నారేమో. మా రూమ్మేట్ ప్రశ్నకి జవాబు ఇదే: ఆర్‌బీఐని అడిగేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు 31 మంది.

కామెంట్ పెట్టొచ్చు, మెర్జ్ చేయలేరు

ఇప్పుడు అసలు సంగతి. ఈ కమిటీ చట్టం చేయలేదు. చట్టం ఆపలేదు. ఎవరికీ జరిమానా వేయలేదు. మరి దేనికి?

గిట్‌హబ్‌లో మనం కోడ్ రాసి పుల్ రిక్వెస్ట్ పెడతాం. రివ్యూయర్ చూసి "ఈ లైన్లో ఇన్‌పుట్ ఖాళీగా వస్తే ఏమవుతుంది?" అని కామెంట్ పెడతాడు. ఈ కమిటీకి కామెంట్ పెట్టే పర్మిషన్ ఉంది, మెర్జ్ బటన్ లేదు. ఆ బటన్ సభది. సభలో మెజారిటీ ఉన్న ప్రభుత్వం కామెంట్స్ అన్నీ పక్కన పెట్టి మెర్జ్ చేయొచ్చు.

కాకపోతే కామెంట్ చెరిగిపోదు. కమిటీ రిపోర్టు సభ ముందు పెట్టాలి. ఒప్పుకోని సభ్యుడు ఉంటే ఆయన అసమ్మతి నోటు కూడా అందులోనే అచ్చవుతుంది. మూడు నెలల్లో ప్రభుత్వం ప్రతి సిఫార్సుకీ ఏం చేసిందో జవాబు రాయాలి. ఆ జవాబుల మీద కమిటీ మళ్ళీ ఒక రిపోర్టు ఇస్తుంది: ఇవి ఒప్పుకున్నారు, వీటికి సరైన జవాబు ఇవ్వలేదు, వీటికి జవాబే రాలేదు అని. రేపు ఆ కోడ్ ప్రొడక్షన్‌లో పగిలితే, "మాకు ముందు తెలీదు" అని ఎవరూ అనలేరు.

ఇది చిన్న విషయమా, పెద్ద విషయమా? మూడు కథలు చెప్తాను, మీరే తేల్చుకోండి.

మొదటి కథ: అరుగు మీద అప్పు

మొదటి కథ మా అమ్మమ్మది. 2010 నాటికి ఆవిడకి డ్వాక్రా అప్పు కాక, ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీ నుంచి కూడా అప్పు ఉంది. వారం వారం కట్టాలి. ఆస్తి తాకట్టు లేదు. ఆడవాళ్ళని గ్రూపు చేసి, ఒకరికి ఒకరిని హామీ పెట్టేవాళ్ళు. ఎవరైనా కట్టకపోతే మిగతావాళ్ళు వేసుకుని కట్టాలి, లేదా ఆవిడ చేత కట్టించాలి.

ఈసారి ఫోన్లో అమ్మమ్మ ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పింది. "పక్కింటావిడ రెండు వారాలు కట్టలేకపోయింది నాన్నా. కలెక్షన్ అబ్బాయి కదలడే. మేమే వెళ్ళి ఆవిడ అరుగు మీద కూర్చున్నాం, సాయంత్రం దాకా. మాకు మాత్రం ఇష్టమా? ఆ తర్వాత ఆవిడ మాతో సరిగ్గా మాట్లాడలేదు."

నేను క్లాస్ గ్రూపులో పెట్టిన ఫోటో గుర్తొచ్చింది. అరుగు పోయి వాట్సాప్ వచ్చింది, అంతే తేడా. రెండు చోట్లా తాకట్టు పెట్టింది పరువునే. రెండు చోట్లా వసూలుకి వాడుకున్నది మనలాంటి పక్కవాళ్ళనే.

2010లో అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. కంపెనీలు రిజిస్టర్ చేసుకోవాలి, ఇళ్ళ మీదకి వెళ్ళకుండా పంచాయతీ ఆఫీసు లాంటి చోటే వసూలు చేయాలి, వడ్డీ అసలు కంటే మించకూడదు. ఆ తర్వాత రాష్ట్రంలో వసూళ్ళు దాదాపు ఆగిపోయాయి. కంపెనీలు కుదేలయ్యాయి. అప్పు దొరకని పేదవాళ్ళూ ఇబ్బంది పడ్డారు. రెండు వైపులా నిజం ఉంది.

2012లో కేంద్రం లోక్‌సభలో ఒక మైక్రోఫైనాన్స్ బిల్లు పెట్టింది. ఈ రంగమంతా ఆర్‌బీఐ చేతికి వస్తుంది, రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు ఈ కంపెనీలకి వర్తించవు. అంటే, ఆంధ్రప్రదేశ్ చట్టం పక్కకి పోతుంది. బిల్లు ఈ ఫైనాన్స్ కమిటీకి వెళ్ళింది. యశ్వంత్ సిన్హా అధ్యక్షులు. 2014 ఫిబ్రవరిలో కమిటీ రిపోర్టు ఇచ్చింది: ఈ రూపంలో ఈ బిల్లు వద్దు, ఇంకా విస్తృతంగా అందరితో మాట్లాడి కొత్తగా తీసుకురండి. ఆ తర్వాత లోక్‌సభ కాలం అయిపోయింది, బిల్లు కూడా దానితోపాటే మురిగిపోయింది.

కమిటీ చేసింది మంచిదా? రాష్ట్రాల గొంతు వినకుండా చట్టం చేయొద్దన్నారు కాబట్టి మంచిదే అనిపిస్తుంది. కానీ ఆ కొత్త బిల్లు మళ్ళీ రాలేదు. ఆర్‌బీఐ తన నియమాలతోనే నడుపుకుంటూ వచ్చింది. 2022లో కొత్త నియమాలు పెట్టింది: సంవత్సరానికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి, నెల ఆదాయంలో సగానికి మించి అప్పుల వాయిదాలకే పోకూడదు అని. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, ఆర్‌బీఐ దగ్గర రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీలకి ఆ పాత రాష్ట్ర చట్టం వర్తించదని తేల్చింది. బిల్లు చేయబోయిన పని చివరికి కోర్టు తీర్పుతో జరిగింది. సభలో చర్చ మాత్రం జరగలేదు.

రెండో కథ: నో క్యాష్

2018 ఏప్రిల్. నాకు పన్నెండేళ్ళు. నాన్న స్కూటీ వెనక కూర్చుని ఏటీఎంల చుట్టూ తిరిగాను. అన్నిటికీ "నో క్యాష్" బోర్డులే. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ ఎండాకాలం అదే గోల. దానికి కారణాలు చాలా చెప్పారు. అందులో ఒకటి, జనం భయపడి డబ్బు తీసి ఇంట్లో పెట్టుకోవడం.

ఆ భయానికి మూలం 2017 ఆగస్టులో లోక్‌సభలో పెట్టిన ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లు. బ్యాంకు మునిగిపోయే పరిస్థితి వస్తే ఎలా సర్దాలో చెప్పే బిల్లు. అందులో "బెయిల్-ఇన్" అని ఒక క్లాజు ఉంది. మామూలుగా బ్యాంకు మునిగితే ప్రభుత్వం బయటి నుంచి డబ్బు పోస్తుంది. బెయిల్-ఇన్‌లో, ఆ బ్యాంకు ఎవరెవరికి బాకీ ఉందో వాళ్ళ బాకీని తగ్గించో, వాటాలుగా మార్చో లోపలి నుంచే సర్దుతారు. డిపాజిట్ వేసుకున్నవాళ్ళకి కూడా బ్యాంకు బాకీనే కదా. అక్కడ పుట్టింది భయం. ఇన్సూరెన్సు ఉన్న డిపాజిట్‌ని ఇందులో కలపరు. అయితే అప్పట్లో ఆ ఇన్సూరెన్సు 1 లక్ష వరకే. 1993 నుంచి అదే 1 లక్ష. వాట్సాప్‌లోకి వచ్చేసరికి ఇదంతా "మన డబ్బు బ్యాంకులు మింగేస్తాయట" అయింది.

ఇక్కడ చూడాల్సింది ఏంటంటే, బిల్లు వెంటనే పాస్ కాలేదు. రెండు సభల సంయుక్త కమిటీకి వెళ్ళింది. ఇది మన స్థాయీ సంఘం కాదు, ఆ ఒక్క బిల్లు కోసం వేసిన కమిటీ. పని మాత్రం అదే. అది కమిటీలో ఉన్న నెలల్లోనే జనం చదివారు, బ్యాంకు ఉద్యోగుల యూనియన్లు అభ్యంతరాలు చెప్పాయి, చర్చ జరిగింది. 2018 ఆగస్టులో ప్రభుత్వం బిల్లుని వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరిలో డిపాజిట్ ఇన్సూరెన్సు 5 లక్షలయింది.

కమిటీ అంటే ఒక్కోసారి ఇంతే: టైం. మెర్జ్ చేసే ముందు, దెబ్బ తగిలేవాళ్ళు కూడా ఆ కోడ్ చదవడానికి దొరికే టైం.

మూడో కథ: మావాడి ఫోటో

2023 జులైలో జయంత్ సిన్హా కమిటీ సైబర్ నేరాల మీద ఒక రిపోర్టు ఇచ్చింది. ఇది ఏ బిల్లు మీదా కాదు, వాళ్ళంతట వాళ్ళు ఎంచుకున్న విషయం. మా రూమ్మేట్, నేను కలిసి దాన్ని చదివాం. చదువుతుంటే మధ్యలో వాడు "ఇది నా గురించే రాశార్రా" అన్నాడు.

అందులో సిఫార్సులు కొన్ని చెప్తాను. డబ్బు పోయిన కస్టమర్‌కి బ్యాంకు ముందు డబ్బు తిరిగిచ్చేయాలి, ఎవరి తప్పో తర్వాత తేల్చుకోవచ్చు. ఇప్పుడు జరిగేది దీనికి తిరగబడి ఉంది: తప్పు నాది కాదని నేనే నిరూపించుకుంటూ తిరగాలి. మోసగాళ్ళ ఖాతాల సమాచారం ఒక్కచోట పెట్టి అన్ని బ్యాంకులకీ అందేలా చేయాలి. సైబర్ రక్షణ చూడటానికి ఒక కేంద్ర సంస్థ ఉండాలి. అప్పులిచ్చే యాప్‌లలో ఏవి సరైనవో తేల్చి జాబితా పెట్టాలి.

ఈ చివరిది కొంత కదిలింది. ఇది కమిటీ ఒక్కదాని ఘనతేం కాదు. లోన్ యాప్‌ల బాగోతం 2020 చివర్లో హైదరాబాద్ కేసులతో దేశమంతటికీ తెలిసింది. 2021లో ఆర్‌బీఐ వర్కింగ్ గ్రూప్ వేసింది. 2022 సెప్టెంబరులో నియమాలు ఇచ్చింది: అప్పు నేరుగా మన ఖాతాలోకే రావాలి, మొత్తం ఖర్చు సంవత్సరానికి ఎంత శాతమో ముందే చెప్పాలి, యాప్ మన కాంటాక్ట్స్, కాల్ లాగ్, ఫోటోల జోలికి రాకూడదు. తమ కింద ఉన్న కంపెనీల లోన్ యాప్‌ల జాబితా 2025లో ఆర్‌బీఐ తన వెబ్‌సైటులో పెట్టింది. అయితే కంపెనీలు ఇచ్చిన వివరాల్నే అందులో ఉన్నదున్నట్టు పెడతారు, కాబట్టి జాబితాలో పేరుంటే చాలు అని కళ్ళు మూసుకోకూడదు.

మావాడు తీసుకున్న యాప్ పేరు ఆ జాబితాలో వెతికాం. లేదు.

ఎక్కడ నొప్పి ఉంది

ఇంతవరకు చదివి కమిటీలు చాలా గొప్పవి అనుకుంటే, ఇది కూడా చదవండి.

మొదటిది, అన్ని బిల్లులూ కమిటీకి వెళ్ళవు. పంపాలా వద్దా అనేది తప్పనిసరి కాదు. పీఆర్‌ఎస్ లెక్క ప్రకారం 2009–14 లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకి వెళ్ళాయి. 2019–24 లోక్‌సభలో వెళ్ళింది 16 శాతం. రివ్యూ లేకుండా నేరుగా మెయిన్ బ్రాంచిలోకి కోడ్ తోసేయడం మన ప్రాజెక్టుల్లో ఎలా ముగుస్తుందో మనకి తెలుసు.

రెండోది, వెళ్ళినా వినాలని లేదు. 2011 డిసెంబరులో ఇదే ఫైనాన్స్ కమిటీ, ఆధార్ సంస్థకి చట్టబద్ధత ఇచ్చే బిల్లు ఈ రూపంలో వద్దని చెప్పింది. డేటా భద్రత గురించి, వ్యక్తిగత గోప్యత చట్టం లేకపోవడం గురించి అప్పుడే అడిగింది. అప్పటికి మనకి ఐదారేళ్ళు. 2016లో ప్రభుత్వం మారాక వచ్చిన ఆధార్ చట్టం మనీ బిల్లుగా వచ్చింది, కమిటీకి వెళ్ళకుండానే పాసయింది.

మూడోది, తలుపులు మూసుకుని జరుగుతాయి. మనమంతా అమెరికా వీడియోలు చూసుంటాం. 2019 అక్టోబరులో లిబ్రా అనే డిజిటల్ కరెన్సీ గురించి జుకర్‌బర్గ్‌ని అక్కడి ప్రతినిధుల సభ ఫైనాన్షియల్ సర్వీసెస్ కమిటీ గంటల తరబడి అడిగింది, అంతా లైవ్‌లో. 2016 సెప్టెంబరులో ఖాతాదార్లకి తెలియకుండా ఖాతాలు తెరిచారన్న వ్యవహారంలో వెల్స్ ఫార్గో బ్యాంకు అధిపతి సెనేట్ బ్యాంకింగ్ కమిటీ ముందు కూర్చున్నారు. తర్వాత నెలలోనే ఆయన పదవి వదిలేశారు. మన కమిటీ సమావేశాలు బయటికి చూపించరు. దానికీ ఒక కారణం ఉంది: కెమెరా లేకపోతే ఎంపీలు పార్టీ మాట పక్కన పెట్టి మాట్లాడతారు, అధికారులు దాపరికం లేకుండా చెప్తారు. ఈ వాదన నాకు సగం నచ్చింది. అధికారి లోపల చెప్పాల్సిన రహస్యాలు ఉండొచ్చు. కానీ కంపెనీల ప్రతినిధులు వచ్చి చెప్పే జవాబులు కూడా మనం ఎందుకు వినకూడదో నాకు అర్థం కాలేదు.

సంఘం పుస్తకం

రాసిందంతా అమ్మమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. బెయిల్-ఇన్ దగ్గర నిద్రపోయిందనుకున్నాను. లేదు. చివర్లో అడిగింది:

"వాళ్ళు అడిగిందీ, ఆఫీసర్లు చెప్పిందీ ఎక్కడన్నా రాసి పెడతారా? మా సంఘంలో అయితే పుస్తకం ఉంటుంది. ఎవరు ఎంత కట్టారు, ఏం అనుకున్నాం, అన్నీ రాసి అందరం సంతకాలు పెడతాం. తర్వాత ఎవరన్నా కాదంటే పుస్తకం తీస్తాం."

రాసి పెడతారు అమ్మమ్మా అన్నాను. అన్ని రిపోర్టులూ పార్లమెంటు వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి.

"మరి చదివేవాళ్ళు ఉన్నారా?"

దీనికి నేనేం చెప్పలేదు. మా బ్యాచ్‌లో 180 మందిమి. ఈ సెలవులకి ముందు ఒక్క రిపోర్టు కూడా తెరవని 180 మందిలో నేనూ ఒకణ్ణి.

అందుకే రెండు విషయాలు చెప్పి ముగిస్తాను. బిల్లు కమిటీకి వెళ్ళినప్పుడు, చాలాసార్లు ప్రజల అభిప్రాయాలు పంపమని ప్రకటన ఇస్తారు. గడువు కొద్ది రోజులే ఉంటుంది. బ్యాంకులు, కంపెనీలు, వాళ్ళ లాయర్లు తప్పకుండా పంపుతారు. యాప్ పర్మిషన్ల గురించి, డేటా గురించి వచ్చే బిల్లుల్లో మనకి తెలిసింది వాళ్ళకంటే తక్కువేం కాదు. ఈసారి అలాంటి ప్రకటన వస్తే మన క్లబ్ తరఫున రెండు పేజీలు రాసి పంపుదాం. తెలుగులో ముందు రాసుకుని తర్వాత ఇంగ్లిష్ చేద్దాం, నేను చేస్తాను.

రెండోది, మీకూ ఎవరిదైనా అలాంటి ఫోటో వస్తే ఫార్వర్డ్ చేయొద్దు. డిలీట్ కూడా చేయొద్దు, స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. 1930కి ఫోన్ చేయమని వాడికి చెప్పండి, అవసరమైతే పక్కన కూర్చోండి. ఆ రాత్రి నేను చేయాల్సింది అదే. మేము నాలుగు రోజులు ఆలస్యంగా చేశాం.

మావాడు ఇప్పుడు బానే ఉన్నాడు. పిన్ని మాట్లాడుతోంది. కిరాణా కొట్టు ముందు నుంచి మాత్రం ఇంకా వెళ్ళట్లేదు, వెనక వీధిలోంచి తిరిగి వెళ్తున్నాడట.